ఏడో భుజం

నేను ఒక సన్మానపు శాలువాను. ఎర్ర రంగు, జరీ అంచు. దగ్గరికొచ్చి చూస్తే అది జరీ కాదు, ప్లాస్టిక్ దారం. దూరం నుంచి చూడడానికే నన్ను చేశారు.

పుట్టింది పానిపట్టులో. అక్కడికి పాత స్వెట్టర్లు, చిరిగిన కంబళ్లు మూటలకు మూటలు వస్తాయి. ఆడవాళ్లు వరసగా కూర్చుని గుండీలు కోసేస్తారు. మిషను వాటిని చీల్చి పీచు చేస్తుంది. ఆ పీచుతోనే మళ్లీ దారం తీసి నన్ను నేశారు. ఎవరెవరు తొడిగి విడిచిన బట్టో నాకు తెలియదు. కొత్తదాన్నని చెప్పి అట్టపెట్టెలో పెట్టారు. నేనూ ఒప్పుకున్నాను.

రైలెక్కి, లారీ ఎక్కి, నాగావళి ఒడ్డున ఒక పేటకు చేరాను. బట్టల కొట్టు గుమస్తా శాలువా అడిగిన వాళ్లను ముందు ఒకటే అడిగేవాడు: "సన్మానానికా, చలికా?" చలికైతే వేరే బీరువా తీసేవాడు.

మొదట ఒక హెడ్మాస్టరు భుజం ఎక్కాను. మూడు నిమిషాలు ఉన్నాను. ఫోటో అయిపోగానే మడత పెట్టి, అదే పెట్టెలో పెట్టి, తర్వాతి నెలలో పశువుల డాక్టరు బదిలీకి తీసుకుపోయి కప్పారు. ఆయన ఒక హరిదాసుకు కప్పాడు. అలా ఆరు భుజాలు. అందులో ఒకాయన నాలుగేళ్ల కిందట తాను ఇంకొకరికి కప్పిన నన్నే తిరిగి కప్పించుకున్నాడు. గుర్తుపట్టాడు. నవ్వి ఊరుకున్నాడు. ఎవరి చలీ నాతో తీరలేదు.

చివరికి రైసుమిల్లు కామేశ్వరరావు బీరువాలో పడ్డాను. ఆయన పేటలో ఒక సేవాసంఘం పెట్టాడు. మంచి మనిషే. ఎవరికైనా కష్టం వస్తే నిద్ర పట్టదు. ఆ కష్టం తీర్చేటప్పుడు పదిమందీ చూడకపోతే కూడా పట్టదు.

బెవర ఆదినారాయణ సంగతి నేను ఆ బీరువాలోంచే విన్నాను. అతని భార్య దమయంతి మిల్లు గదిలో నిలబడి చెప్పింది. అతను పదహారేళ్లు పటాలంలో చేశాడు. సరిహద్దు కొండల్లో వాళ్ల బండి కింద బాంబు పేలింది. బండిలో ఉన్న ఐదుగురిలో ఇద్దరు మిగిలారు. ఇతనికి పైకి కనబడే గాయం ఎడమ చెవి దగ్గర ఒక్కటే. దెబ్బంతా తలకాయ లోపల. పింఛను ఇచ్చి ఇంటికి పంపారు. ఇంటికొచ్చాక నిద్ర లేదు. సంతకు వెళ్లి తిరిగొచ్చే దారి మరచిపోతాడు. కుక్కరు కూత వేస్తే మంచం కింద దూరతాడు. ఊళ్లో కొందరు గాలి సోకిందన్నారు, కొందరు తాగుతున్నాడన్నారు.

విశాఖపట్నంలో డాక్టరు చూసి, ఆరు వారాలు ఉంచితే బాగవుతాడని చెప్పాడట. ఆలస్యం చేస్తే ఫిట్స్ మొదలవుతాయి, ఒక్కో ఫిట్సు జ్ఞాపకంలో ఒక్కో ముక్క పట్టుకుపోతుంది అని కూడా చెప్పాడట. ఆ వైద్యానికి కావాల్సిన సర్కారు కాగితాలు ఇంకా దారిలోనే ఉన్నాయి.

"ఆయన ఒప్పుకున్నాడు బావూ. ఎనిమిది నెలలు బతిమాల్తే ఒప్పుకున్నాడు. మనసు మారకముందే తీసుకెల్లిపోవాల," అంది దమయంతి.

"తీసుకెళ్దాం తల్లీ. ఆస్పత్రిలో మంచం మాట్లాడేశాను. బండి నాది. సోమవారం పొద్దున్న పదింటికి చిన్న సన్మానం, అట్నుంచటే బండెక్కించేద్దాం."

"సన్మానమెందుకు బావూ? ఆయన పదిమందిలోకి రాడు."

"ఊరికే పంపిస్తే దానమంటారమ్మా. సిపాయికి దానమేటి? శాలువా కప్పి పంపిస్తే గౌరవం."

"సప్పుడు పడదు బావూ ఆయనకి."

"తెలుసమ్మా. మైకు పెట్టం. సన్నాయి కూడా వద్దన్నాను. సరేనా?"

ఆయన మాట తప్పలేదు. మైకు పెట్టలేదు. సన్నాయి రాలేదు.

సోమవారం మిల్లు వాకిట్లో కుర్చీలు వేశారు. ఆదినారాయణ గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. దమయంతి చిటికెనవేలు పట్టుకుని ఉన్నాడు. పట్టుకున్నట్టు ఎవరికీ తెలియకుండా చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. సంచీ అప్పటికే బండిలో ఉంది. అందులో నాలుగు జతల బట్టలు, దువ్వెన, మందుల చీటీలు. కామేశ్వరరావు నాలుగు ముక్కలు మెల్లగా మాట్లాడి నన్ను తీసి కప్పాడు.

ఏడో భుజం. మిగతా ఆరూ మెత్తగా ఉండేవి. ఇది రాయిలా ఉంది. లోపల ఏదో సన్నగా వణుకుతోంది. అయినా నిటారుగా నిలబడ్డాడు. ఇంకొక్క నిమిషం. నమస్కారం పెట్టి మెట్లు దిగితే బండి.

అప్పుడు గేటు పక్కన మిల్లు డ్రైవరు పైడయ్య టపాకాయల దండకు నిప్పు పెట్టాడు.

పెట్టమని ఎవరూ చెప్పలేదు. వద్దని కూడా ఎవరూ చెప్పలేదు. మా పేటలో శాలువా భుజాన పడగానే టపాకాయలు పేలాలి. అన్నం వడ్డించాక పప్పు వడ్డించినట్టు, అడగక్కర్లేకుండా జరిగిపోయే పని. వాడు పోయిన వారమే కొని దాచుకున్నాడు.

ఆదినారాయణ దమయంతిని లాగి కింద పడేసి, ఆమె మీద పడ్డాడు. ఇద్దరి మీదా నేను. ఎవరెవరివో పేర్లు పిలిచాడు. తెలుగు పేర్లు కావు. కొండల్లో పేలిన ఆ బండిలోని వాళ్లవై ఉంటాయి.

"జారిపడ్డాడ్రోయ్!" అని బయట ఎవరో నవ్వారు.

"పొద్దున్నే ఏసేసుంటాడు," అని ఇంకొకరు.

నా కింద దమయంతి అతని చెవి దగ్గర అంటోంది: "ఏటీ నేదు. టపాకాయలే. నానున్నాను కదా, నానున్నాను." ఆమె మోచెయ్యి గచ్చుకు గీసుకుపోయి రక్తం కారుతోంది. అతని కింద తడి అయింది. చెమట కాదు. ఆ దండ ఎంతకీ అయిపోలేదు.

అయిపోయాక లేచాడు. చుట్టూ మొహాలు. కొన్ని చేతుల్లో ఫోన్లు. నన్ను నడుముకు చుట్టుకుని, తడి కనబడకుండా, ఇంటికి నడిచిపోయి తలుపేసుకున్నాడు. బండి వెనకాలే వెళ్లి సందు మొదట్లో ఆగింది. దమయంతి తలుపు తట్టింది. అతను తియ్యకుండానే ఒక్క మాట అన్నాడు: "అక్కడా ఇలాగే నిలబెడతారు. నాను రాను."

మధ్యాహ్నం దాకా చూసి బండి తిరిగిపోయింది. ఆస్పత్రిలో మంచం ఇంకొకరికి వెళ్లింది.

కామేశ్వరరావు పైడయ్యను తిట్టాడట. "వొద్దని నాకు మీరు సెప్నారా బాబూ?" అన్నాడట వాడు. ఆదినారాయణ ఇంటికి రేపు వెళ్తాను, ఎల్లుండి వెళ్తాను అనుకుంటూ ఆయన రెండేళ్లు గడిపాడు. బియ్యం పంపాడు, తాను మాత్రం రాలేదు. మొహం చెల్లలేదు.

దమయంతి నన్ను ఉతికి, రెండు మడతలు వేసి, వీధివైపు కిటికీకి మేకులు కొట్టి బిగించింది. మందంగా ఉంటాను కాబట్టి చప్పుడు కొంత ఆగుతుందని. ట్రాక్టర్లు, ఊరేగింపులు, కొళాయి దగ్గర తగువులు, ఆపగలిగినంత ఆపాను. నా జన్మలో నాకు దొరికిన మొదటి పని అది. సంతోషించాల్సింది. ఏ చప్పుడు అతన్ని ఆ గదిలోకి తోసిందో, ఆ చప్పుడు నా కోసం పేలిందే. నా సంబరం అది.

వానల్లో మొదటి ఫిట్సు వచ్చింది. తర్వాత మరొకటి. వచ్చినప్పుడల్లా దమయంతి బతిమాలేది. అతను తల అడ్డంగా ఊపేవాడు. రెండో ఏడు ఎండల్లో ఒకదాని వెనక ఒకటి వచ్చి తెలివి తప్పింది. వద్దనడానికి తెలివి లేనప్పుడు ఆమె మిల్లుకు ఫోను చేసింది. బండి హారను కొట్టకుండా వచ్చింది. తోలుకొచ్చింది కామేశ్వరరావే. దమయంతి ఆయన మొహం చూడలేదు. ఆయన కూడా తల ఎత్తలేదు.

ఆరు వారాలు తాళం వేసిన ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను.

తిరిగొచ్చాక అతను రాత్రంతా పడుకుంటున్నాడు. ట్రాక్టరు పోతే ఉలిక్కిపడతాడు గానీ మంచం కింద దూరడు. తలుపు తీసి గుమ్మంలో కూర్చుంటున్నాడు. పక్కింటి ఆవిడ సంతోషపడింది. దమయంతి ఆమెతో మెల్లగా అంది: "అప్పుడే తెచ్చుంటే ఇంత పోయీది కాదన్నాడు డాక్టరు, అప్పా. పోయింది మరి రాదట." పోయినవి చాలా ఉన్నాయి. కొన్ని పేర్లు. కొన్ని ఏళ్లు మొత్తానికి మొత్తం.

ఒక సాయంత్రం కామేశ్వరరావు వచ్చాడు. ఒక్కడే, నడిచి. గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రెండేళ్లుగా లోపల తిప్పుకున్న మాట గబగబా అనేశాడు:

"ఆదినారాయణా, ఆనాడు మిల్లు దగ్గర జరిగినదానికి... నాదే తప్పు నాయనా. నన్ను క్షమించు."

ఆదినారాయణ కళ్లు చిట్లించి చూశాడు. "ఏ మిల్లు బావూ?"

కామేశ్వరరావు కిటికీకేసి, నాకేసి చూశాడు.

"పెద్దోరునాగున్నారు. నిలబడిపోనారేటి, కూకోండి. ఓయ్, మంచినీలట్రా. ఎవురీయన?"

దమయంతి నీళ్ల గ్లాసుతో వచ్చి ఆగింది. మోచేతి మీద ఆనాటి మచ్చ ఇంకా ఉంది. చెప్పాలంటే అంతా చెప్పగలదు. కామేశ్వరరావు ఆమె మొహంలోకి చూశాడు. చెప్పమన్నట్టే చూశాడు.

"మనల్ని బండిలో ఆస్పత్రికి తీసుకెల్లినాయన," అంది.

ఆదినారాయణ లేచాడు. చొక్కా సరిచేసుకుని, నిటారుగా నిలబడి రెండు చేతులూ జోడించాడు.

"మీ మేలు మర్సిపోనండి," అన్నాడు.