ఇక్కడ బాధ్యులెవరు?

ఆర్నాల్డ్ టిబ్బెట్‌ను ఓటు వేయనివ్వకుండా వెనక్కి పంపేశారు. నేను అక్కడే ఉన్నాను.

ఆర్నాల్డ్ మా కిల్న్ ఎస్టేటు అనే ఇళ్ళ కాలనీ మనిషి. మా ఇళ్ళున్న చోట ఒకప్పుడు ఇటుక బట్టీలుండేవి, ఆయన బతుకంతా వాటిలోనే గడిచింది. ఇప్పుడు నడక ఫ్రేము లేనిదే అడుగు వేయలేడు. ఎస్టేటు ఓట్లు ఏళ్ళ తరబడి మా హాల్లోనే పడేవి. ఆ సంవత్సరం పైకప్పు పాడైందని కౌన్సిల్ హాలుకు తాళం వేసి, ఓటింగును డబ్బున్నవాళ్ళుండే అవెన్యూ వైపున్న క్రికెట్ క్లబ్బుకు మార్చింది. మాకూ అవెన్యూకూ మధ్య పెద్ద రోడ్డు. దాటడానికి గీతల్లేవు, లైట్లు లేవు. ఆ రోడ్డును వానలో దాటి వచ్చాడు ముసలాయన. తీరా వస్తే బల్ల దగ్గరున్న అమ్మాయి ఫొటో కార్డు అడిగింది. ఆయన బట్టీ కంపెనీ ఇచ్చిన పాత కార్డు తీశాడు.

"ఇది చెల్లదండీ."

"ముఖం నాదే కదమ్మా."

"ముఖం మీదే. కార్డు చెల్లదు."

గుమ్మం దగ్గర మా వార్డు కౌన్సిలర్ క్లైవ్ రెడ్‌ఫర్న్ కోటుకు పార్టీ రిబ్బను పువ్వు పెట్టుకుని నిలబడ్డాడు. ఆ రోజు పోటీలో ఉన్నది వాళ్ళ పార్టీవాడే ఇంకొకడు. రెడ్‌ఫర్న్ ముసలాయన భుజం తట్టాడు.

"బెంగపెట్టుకోకు ఆర్నాల్డ్. నీ ఓటు లేకపోయినా మేం గెలుస్తాంలే."

నవ్వుతూనే అన్నాడు. ప్రేమగానే అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. తిడితే తిరిగి తిట్టొచ్చు, భుజం తట్టేవాణ్ణి ఏం చేస్తాం? ఆర్నాల్డ్ కార్డును జాగ్రత్తగా జేబులో పెట్టుకుని మళ్ళీ ఆ రోడ్డు వైపు నడిచాడు.

ఈ మాట ఎస్టేటంతా పాకింది. హాలుకు తాళం ఉంది కాబట్టి లెక్కలేనంతమంది లాండ్రీ షాపులో చేరారు. మెషీన్లు గిరగిరా తిరుగుతున్నాయి, మనుషులు వాటిమీద ఎక్కి కూర్చున్నారు. పైకప్పు సంగతి వట్టి సాకు అని అప్పటికే అందరికీ తెలిసిపోయింది. హాలును ఒక బిల్డరుకు అమ్మేయాలని కౌన్సిల్ చూస్తోంది. ముసలివాళ్ళ మధ్యాహ్న భోజనం అక్కడే, బడి వదిలాక పిల్లలు చేరేది అక్కడే, ఎవరైనా పోతే జనం కూర్చునేదీ అక్కడే. మాకు ఇంకో చోటు లేదు.

"తాళం పగలగొడదాం!" అంది జోడీ. నర్సు చదువు చదువుతున్న పిల్ల, నోరు ముందు, మనిషి తరవాత.

"పగలగొట్టి? రేపు పోలీసులొస్తే?" అన్నాను. నేను రిటైరైన బస్సు డ్రైవర్ని, పేరు లెన్. యూనియన్లో తల నెరిసినవాణ్ణి, తొందర పనికిరాదంటాను. "కౌన్సిల్లో ఈ అమ్మకం మీద బలాబలాలు సరిసమానం. వచ్చే మే నెలలో రెడ్‌ఫర్న్ సీటుకు ఎన్నిక. ఆ సీటు మనదైతే హాలు మనది."

"నువ్వూ నీ సీట్లూ! నలభయ్యేళ్ళు సీట్లో కూర్చునే బండి నడిపావుగా, ఎక్కడిదాకా వచ్చాం?"

జనం నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను! చివరికి నిలబడదామనే తేలింది. నిలబడేదెవరు అని అడగ్గానే మాత్రం షాపు చల్లబడింది. ఒకరు బూట్లు చూసుకున్నారు, ఇంకొకరు మెషీన్లో తిరుగుతున్న తమ బట్టల్ని కొత్తగా చూస్తున్నట్టు చూశారు. మా దగ్గర 'నేనున్నాను' అని ఎవరూ అనరు. అది సిగ్గుమాలినతనం. మా కూరగాయల మడుల సంఘంలో సైతం పోటీలో ఉన్న మనిషి బయటికి వెళ్ళి నిలబడాలి, తనకు తాను చెయ్యెత్తకూడదు.

"బెరిల్ అయితే?" అంది ఫర్జానా. అద్దె కారు నడుపుతుంది, ఎస్టేటులో ఎవరికి ఏ మందు పడుతుందో కూడా ఆమెకు తెలుసు.

బెరిల్ కాడ్వెల్ బడిలో పిల్లలకు అన్నం వడ్డించే మనిషి. మా ఎస్టేటులో సగం మంది ఆమె చేతి ముద్ద తిని పెరిగినవాళ్ళే. ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. "అయ్యో, నేనా!" అంటూనే అలవాటు ప్రకారం బయటికి వెళ్ళి వానలో నిలబడింది. లోపల చేతులన్నీ లేచాయి. ఎంతసేపటికీ ఆమె రాకపోతే జోడీ వెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

ఆ చలికాలమంతా తలుపులు కొట్టాం. కుక్కలు మొరిగాయి, తలుపు సందుల్లో కాగితాలు తోయబోతే వేళ్ళు కొరికాయి. అవెన్యూ వైపు ఒకావిడ, "మీవాళ్ళకు ఓటు వేసే అలవాటే లేదుగా," అంది. "అలవాటు మీరే మాన్పించారండీ," అన్నాను. బెరిల్ నా చొక్కా లాగింది. ప్రతి ఇంటి గుమ్మం దగ్గరా ఆమె 'ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించండి' అనే మొదలుపెట్టేది. జోడీకి చిర్రెత్తేది.

"ఆంటీ, క్షమాపణలు వాళ్ళు చెప్పాలి. నువ్వు కాదు."

"మర్యాద పోగొట్టుకుంటే ఇంకేం మిగులుతుందే మనకి?"

ఫొటో కార్డు లేనివాళ్ళందరికీ ఓటు కార్డులు తెప్పించాం. ఓటింగు రోజు ఉదయం ఎస్టేటు జనం రోడ్డు అంచున చేరారు. కార్లు ఆగలేదు. జోడీ నర్సు బట్టలతో రోడ్డు మధ్యకు నడిచి చెయ్యి అడ్డంగా చాపింది. హారన్లు మోగాయి, ఎవడో అద్దం దించి బూతులు తిట్టాడు, ఆమె అంతకంటే మంచి బూతు తిట్టింది. ఆ సందులోంచి మేమంతా దాటాం, తోపుడు బళ్ళలో పసిపిల్లలు, ముందు ఫర్జానా తోస్తున్న చక్రాల కుర్చీలో ఆర్నాల్డ్. క్లబ్బు గుమ్మంలో రెడ్‌ఫర్న్ ఈసారి ఎవరి భుజమూ తట్టలేదు.

మర్నాడు పొద్దున వ్యాయామశాలలో లెక్కింపు. బెరిల్ తరఫున చూసేవాణ్ణి నేనే. అనుమానం ఉన్న ఓట్లను ఎన్నికల అధికారి పక్కకు తీసి మాకు చూపించాడు. వాటిలో ఒకటి ఖాళీ. ఎవరి పేరు ఎదుటా గీటు లేదు, నీటుగా రెండు మడతలు.

"ఎవడీ వెధవ? ఇంతదూరం వచ్చి ఖాళీ కాగితం పడేసిపోయాడు!" అన్నాను. పక్కన బెరిల్ తన బూట్లు చూసుకుంది.

లెక్క తేలింది. సమానం. మళ్ళీ లెక్కపెట్టారు. మళ్ళీ సమానమే. అలాంటప్పుడు చీటీలు తీయాలని చట్టం. రెండు చీటీలు మడిచి పెట్టెలో వేశారు. నెలల తరబడి మా జనం తిరిగిన తిరుగుడంతా ఆ పెట్టెలో ఉంది. అధికారి ముఖం పక్కకు తిప్పుకుని ఒకటి తీశాడు.

రెడ్‌ఫర్న్.

అతని మనుషులు చప్పట్లు కొట్టారు. అతను చెయ్యి చాపితే బెరిల్ ఆ చెయ్యి కలిపి, "అభినందనలు," అంది. ఆ మర్యాద చూస్తే నాకు ఏడుపొచ్చింది.

బయట కార్లు నిలిపే చోట మావాళ్ళంతా ఉన్నారు. సంగతి చెప్పగానే కలకలం. జోడీ అక్కడున్న చెత్త డబ్బాను కాలితో తన్నింది. "ఒక్క ఓటు! ఎవరో ఒక్కరు!"

"ఆ ఖాళీ కాగితం నాదే," అంది బెరిల్.

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు.

"పెన్సిల్ పట్టుకున్నాను. నా పేరు ఎదురుగా నేనే గీటు పెట్టుకోవాలంటే చెయ్యి రాలేదు. మన మడుల సంఘంలో అలా చెయ్యం కదా. ఎలాగూ గెలుస్తామనుకున్నా. మడిచి పెట్టెలో వేసేశాను."

జోడీ అరిచింది. "రెడ్‌ఫర్న్ తనకు వేసుకోలేదా? వాళ్ళావిడ వెయ్యలేదా? ఒక్కడికైనా చెయ్యి వణికిందా ఆంటీ? నువ్వు మాత్రం..." మాట పూర్తి కాకుండానే ఏడ్చేసింది.

"దాన్ననకు," అన్నాడు ఆర్నాల్డ్ కుర్చీలోంచి. "నేనైనా అంతే చేసుందును. బట్టీలో మేస్త్రీ పని ఖాళీ అయితే నేను అడగలేదు. అడిగినవాడికిచ్చారు. మనకు అడగడం తప్పని నేర్పారు, వాళ్ళ పిల్లలకు మాత్రం నేర్పలేదు."

ఫర్జానా బెరిల్‌ను దగ్గరకు తీసుకుంది. "పద ఇంటికి. టీ తాగి ఆలోచిద్దాం. హాలు ఇంకా నిలబడే ఉందిగా."

రెడ్‌ఫర్న్ ఓటుతో అమ్మకం ఖాయమైంది. ఆ సభకు వెళితే ప్రేక్షకులు మాట్లాడకూడదన్నారు. మాట్లాడాం, బయటికి తోశారు. మర్నాడు ఉదయం బిల్డరు మనుషులు ఇనుప కంచెలు లారీలో వేసుకొచ్చేసరికి హాలు తలుపు బార్లా తెరిచి ఉంది. తాళం ఎవరు తీశారో నేను చెప్పను. జోడీ వైపు మాత్రం చూడకండి.

లోపల టీ కాగుతోంది, పిల్లలు గెంతుతున్నారు, ముసలివాళ్ళు బల్లల దగ్గర కూర్చున్నారు. పైకప్పు ఎక్కడా కారడం లేదు. కంచెలు దింపబోతే ఆడవాళ్ళు లారీ వెనక వరసగా నిలబడ్డారు. పోలీసులొచ్చారు. వాళ్ళ వెనకాలే రెడ్‌ఫర్న్.

ఇన్‌స్పెక్టరు గుమ్మంలో నిలబడి అడిగాడు. "ఇక్కడ బాధ్యులెవరు?"

అచ్చం లాండ్రీలో జరిగినట్టే. తలలు వంగాయి, చూపులు బూట్ల మీదికి పోయాయి. నా చూపు కూడా.

"పెద్దవాళ్ళు ఎవరో ఒకరుండాలిగా?"

"బెరిల్ మంచి మనిషి, ఆవిడకీ గొడవకీ సంబంధం లేదు," అన్నాడు రెడ్‌ఫర్న్ మెత్తగా. "మిగతావాళ్ళను బయటికి..."

బెరిల్ వంటగది కిటికీ దగ్గర్నుంచి వచ్చింది. చేతులు ఆప్రానుకు తుడుచుకుంది. కుడి చెయ్యి పైకెత్తింది. సగం దాకా లేచి ఆగింది ఆ చెయ్యి, మళ్ళీ లేచింది.

"నేను. ఈ హాలుకు బాధ్యురాల్ని నేను. ఈసారి నా ఓటు నాకే."

"మిసెస్ కాడ్వెల్, అరెస్టు చెయ్యాల్సొస్తుంది."

"చెయ్యి నాయనా. పొయ్యి మీద సూపు ఉంది, ఎవరైనా మంట తగ్గించండి."

ఆమెను వ్యాను దాకా నడిపించుకెళ్ళారు. దారి పొడవునా ఆ చెయ్యి దించలేదు. 'క్షమించండి' అని ఎవరితోనూ అనలేదు. వ్యాను తలుపు పడ్డాక ఇన్‌స్పెక్టరు తిరిగొచ్చాడు, ఈసారి గొంతు పెంచాడు.

"సరే. ఇప్పుడు బాధ్యులెవరు?"

చక్రాల కుర్చీ కీచుమంది. ఆర్నాల్డ్ గుమ్మానికి అడ్డంగా వచ్చి ఆగాడు. ఒక చేతిలో కొత్త ఓటు కార్డు ఉంది. రెండో చెయ్యి పైకెత్తాడు.

"నేను," అన్నాడు. "రాసుకో. టిబ్బెట్."

ఆయన వెనక ఫర్జానా చెయ్యెత్తింది. జోడీ ఎత్తింది. నేనూ ఎత్తాను. లారీ వెనక నిలబడ్డవాళ్ళు ఎత్తారు. రాసుకోవడం మొదలుపెట్టిన పోలీసు కుర్రాడు కొన్ని పేర్ల తరవాత తలెత్తి, హాలంతా ఒకసారి చూసి, పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు.