జోగమ్మ వేలిముద్ర

గెడ్డవాగు పొంగి రైలుకట్ట తెగిన ఏడాదికి అది మూడో ఏడు. ఆ వేళ ఎమ్మార్వో ఆఫీసుకు తెములుతూ, “నా చొక్కా ఏదే?” అని అరిచాను. జోగమ్మ అప్పటికే నీళ్లు మోసి, వంట దించి, మంచంలో ఉన్న మా అమ్మకి తినిపించి, నా చొక్కా ఉతికి ఆరేసింది. తను తిన్నదో లేదో నేను చూడలేదు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఎప్పుడైనా చూసిన గుర్తు లేదు.

నేను రౌడీ సోములు జట్టు మానేస్తానన్నాను. ఊరికే మానడం కుదరదు. పోలీసులు నన్ను ఎమ్మార్వో ముందు పెట్టారు. ఇక కొట్లాటలకు పోనని నేను రాసివ్వాలి, నా మీద ఒకరు పూచీ పడాలి. నేను మాట తప్పితే పూచీ పడ్డవాళ్ల ఆస్తి పోతుంది. పూచీ దొరక్కపోతే నాకు జైలు. మా ఆస్తల్లా రెండు గదుల ఇల్లు. సర్కారు పట్టాలు ఆడవాళ్ల పేర ఇచ్చారు కనక అది జోగమ్మది.

జట్టులో ఎందుకు చేరానో చెప్పాలి. కాశీబుగ్గలో మూటలు మోసేటప్పుడు నన్ను “ఒరే గోవిందూ” అనేవారు. సోములు వెనకాల వారం నిలబడ్డాక “గోవిందన్నా” అన్నారు. అంతే. ఆ పిలుపు ఎంత తియ్యగా ఉంటుందో చెబితే జోగమ్మ, “పెళ్లయిన కాడ్నుంచి నువ్వు నన్ను ‘ఒసే’ అనే పిలుత్తన్నావు. మరి నాను ఏ జట్టులో సేరాల?” అంది. నవ్వుతూనే అంది. నేను చెయ్యెత్తాను. ఇప్పుడు మానడం మంచితనం వచ్చి కాదు. మోకాలు విరిగింది. పరిగెత్తలేను.

ఆఫీసులో గుమస్తా త్రినాథరావు జోగమ్మ బొటనవేలికి సిరా పూసి పూచీ కాగితం మీద నొక్కాడు. నల్లటి మచ్చ పడింది. గీతలు లేవు. మళ్లీ నొక్కాడు. మళ్లీ మచ్చే. పదిహేనేళ్లు బట్టీలో జీడిపిక్కలు కొట్టిన చెయ్యి. పిక్కల నూనె చర్మం తినేసింది.

“ఏమ్మా, వేళ్లు ఇంట్లో మరిచిపోయొచ్చావా?” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

“పోనీ, చిటికెన వేలు పెట్టు. అది బాగానే ఉంది” అన్నాడు గుమస్తా.

జోగమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ మచ్చలకేసి చాలాసేపు చూసింది. అప్పుడు తన మనసులో ఏముందో ఏళ్లు గడిచాక ఒక్కసారి చెప్పింది. “మీ అమ్మ ఒళ్లు కడిగిన సెయ్యి, నీ జట్టోళ్లందరికీ ఒండిన సెయ్యి, నాకు కూలి తెచ్చిన సెయ్యి. బొటనేలి మీద ఇది నాదని సెప్పే గీత ఒక్కటీ మిగల్లేదు. మిగిలిందల్లా పట్టా మీద పేరు. అదీ నీ పూచీకే ఎట్టీమంటే, మరి నానెక్కడున్నాను అనిపించింది.”

ఆ రోజు మాత్రం గుమస్తాతో, “వద్దు బాబూ. ఇతగాడు మళ్లీ కొట్లాటలకి ఎల్లడని నాను సెప్పలేను. ఇదివరకు రెండుసార్లు నా నెత్తిన సెయ్యేసి ఒట్టెట్టాడు” అంది.

“మొగుణ్ణి జైలుకంపుతావుటే?” అన్నాను.

“నిన్ను ఎల్లమన్లేదు. నా ఇల్లు ఇవ్వనన్నాను.”

ఎమ్మార్వో మర్నాటి దాకా గడువిచ్చాడు. ఇంటికొచ్చాక మా అమ్మ, “మొగోడి కన్నా గోడలెక్కువా నీకు?” అని మంచంలోంచే శాపనార్థాలు పెట్టింది. జోగమ్మ పక్కగుడ్డలు మార్చి, బట్టీకి వెళ్లిపోయింది. నేను ఎవరి దగ్గరికి పోతానో ఆమెకి తెలుసు. నా మీద పూచీ పడగల ఆస్తి ఉన్నవాడు పలాసలో ఒక్కడే.

మర్నాడు పొద్దున్నే కుంటుకుంటూ సోములు కొట్టుకు వెళ్లాను. జట్టు మానడానికి పూచీ పడమని జట్టు పెద్దనే అడిగాను. వాడు పకపకా నవ్వాడు.

“ఓస్, దానికేటి, సంతకం నానెడతాను. కూకో బావా.”

వాడి వెనకాల నా పాత చోట్లోనే కూర్చున్నాను.