గొడుగు పాటకు లేచిన జనం

మెండెల్ గ్రోస్‌బర్గ్ గారికి ఎనభై ఆరేళ్లు నిండుతున్నాయని, న్యూయార్క్‌లో ఆయన పాటలు పాడి బతికిన మేమందరం ఫిబ్రవరిలో ఒక సాయంత్రం కచేరీ పెట్టుకున్నాం. సంగీత నాటకాలకు నలభై ఏళ్లు పాటలు కట్టిన మనిషి ఆయన. పేరున్నవాళ్లు పేరున్న పాటలన్నీ ముందే పంచేసుకున్నారు. నాకు “నీ ఇష్టం లొరెయిన్” అన్న మాట మిగిలింది.

నాకు కావలసింది ఒక్కటే, గొడుగు పాట.

ఇరవై ఎనిమిదేళ్ల కిందట ఆయన నాటకంలో నాది గదులు అద్దెకిచ్చే ఆవిడ వేషం. అలిగి వెళ్లిపోతున్న మనిషితో, గొడుగు ఇక్కడే ఉంచి వెళ్లు, దానికోసమైనా మళ్లీ వస్తావు అని పాడాలి. న్యూయార్క్‌కు తెచ్చేముందు నాటకాన్ని బోస్టన్‌లో ఆడి, అతకనిది తీసేస్తాం. అక్కడ మొదటి ఆటలో నా పాట పూర్తయ్యేసరికి జనం లేచి బయటికి నడిచారు. ఇంకా రెండు రంగాలున్నాయి! మర్నాడు పాట తీసేశారు. ఎందుకని నేనడగలేదు. కళ్లారా చూశాక అడగడానికేముంది? ఆపైన ఎప్పుడూ బృందంలో వెనక వరుసే. పెళ్లి, ముగ్గురు పిల్లలు, ఆదివారం చర్చిలో పాట. దేవుడైతే లేచి వెళ్లిపోడు గదా.

తీసేసిన పాట పాడాలంటే కట్టినవాడి అనుమతి తీసుకోవడం మావాళ్ల మర్యాద. ఆలూబుఖారా బన్నులు పట్టుకుని ఆయనింటికి వెళ్లాను.

“గొడుగా? దాన్నెందుకే పిల్లా ఇప్పుడు తవ్వడం? నాటకాన్ని ముంచబోయిన పాట.”

“ముంచింది నేనండీ. నేను బాగా పాడలేదనేగా జనం లేచిపోయారు.”

ఆయన చేతిలోని బన్ను పళ్లెంలో పెట్టేశారు. “ఎవరన్నారు?”

“ఎవరూ అనలేదు. నేనే చూశాను.”

“ఏం చూశావ్? వాళ్ల మొహాలు చూశావా? కళ్లు తుడుచుకుంటూ, నవ్వుకుంటూ కోట్లు తొడుక్కున్నారే! నీ పాటతో కథ అయిపోయిందనుకున్నారు. వాళ్లని మళ్లీ కూర్చోబెట్టేసరికి మా తలప్రాణం తోకకొచ్చింది. నీకు నిర్మాత చెప్పలేదూ?”

“లేదు. మీరు చెప్పారనుకుని ఉంటాడు.”

“ఇరవై ఎనిమిదేళ్లా! నోరెక్కడ పెట్టుకున్నావే?”

“చర్చిలో.”

ఆయన పడీపడీ నవ్వారు. “సరే, పాడు. కానీ ఆఖర్న వద్దు, మధ్యలో పెట్టించుకో. నాకొకటి చూడాలనుంది.”

బస్సులో వస్తూ దేవుణ్ని అడిగాను, ఆ ఒక్క మాట అడిగే ధైర్యం అప్పుడే ఇచ్చి ఉండకూడదా అని. నోరు ఇచ్చానుగా అంటాడేమో.

కచేరీలో పదకొండు పాటల్లో నాది అయిదోది. ముందు వరుసలో మెండెల్ గారు. పియానో దగ్గర కూర్చున్న వాల్టర్ పాట అందుకున్నాడు. మనసులో సిలువ గుర్తు వేసుకుని పాడాను. ఒకచోట ఊపిరి చాల్లేదు. వయసు మరి. గొడుగు గోడకు ఆనించినట్టు చివరి మాట మెల్లగా వదిలాను. చప్పట్లు మోగాయి. అవి ఆగకముందే మూడో వరుసలో ఒకాయన మెడకు మఫ్లర్ చుట్టుకున్నాడు. ఆయన పక్కావిడ కోటు చెయ్యి వెతుక్కుంటోంది. వెనక వరుసలూ లేచాయి.

వాల్టర్ పియానో వదిలి పరుగెత్తుకొచ్చాడు. “అయ్యా, అమ్మా, కూర్చోండి! ఇంకా ఆరు పాటలున్నాయి!”

మెండెల్ గారు వెనక్కి తిరిగి చేతికర్ర ఊపుతున్నారు. “చూడవే పిల్లా, కోట్లు! కోట్లు!”

ఈసారి నేను మొహాలు చూశాను.