తొమ్మిది వందల అరవై రెండు జాకెట్లు

రాగిణి గారి పట్టుజాకెట్టుకి హుక్స్ కుడుతుండగా పోస్టు వచ్చింది. ఒక కవరు మీద అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ పేరు చూడగానే మా ఆయన లోకేష్ దాన్ని విప్పకుండానే వంటింటి సొరుగులో పడేశాడు. అక్కడ అలాంటివి అప్పటికే అయిదారున్నాయి. "గడువు పెంచమని ఎక్స్‌టెన్షన్ వేశాను, చూసుకుంటాలే. ఎవరితోనూ అనకు, పరువు పోతుంది" అన్నాడు.

ఆ మాట నాలుగేళ్లుగా వింటున్నాను. ఆయన కన్సల్టెన్సీ మారిన ఏడాది ఏవో కాగితాలు అందలేదని ట్యాక్స్ రిటర్ను ఆపాడు. మరుసటి ఏడు, పాతది వేయకుండా కొత్తది ఎలా వేస్తామన్నాడు. ఆ తర్వాత పట్టుకున్నది భయం. అడిగితే మాత్రం "నీకేం తెలుసు ట్యాక్సుల గురించి?" అని కసిరేవాడు. నిజమే, నాకేం తెలుసు? పదేళ్ల కిందట మోరిస్‌విల్ వచ్చిన కొత్తలో ఏటా ఏప్రిల్లో ఆయన లాప్‌టాప్ ఇటు తిప్పితే, సంతకానికని చూపించిన చోట క్లిక్ చేసేదాన్ని. నాలుగేళ్ల కిందట పని చేసుకునే పర్మిట్ వచ్చాక మిషను కొనుక్కుని జాకెట్లు కుట్టడం మొదలుపెట్టాను. ఊళ్లో ఆడవాళ్లకీ, పక్క ఊరి బొటీక్‌కీ. "నీ టైమ్‌పాస్‌ని కూడా రిటర్నులో ఎక్కించాలా?" అని నవ్వాడు. "ఇంట్లో కూచునేదానివి, నీ తీరికకేం తక్కువ" అని వీడియో కాల్‌లో అత్తగారు. ఆ మాట వినేటప్పుడు పొయ్యి మీద పప్పు, పక్కన మా అమ్మాయి దేదీప్య లెక్కల హోంవర్క్, సూది కింద ఎవరిదో చేతి పైపింగ్. నేనూ నవ్వి ఊరుకునేదాన్ని. ఏళ్ల తరబడి అలా విన్నాక, నాకు నిజంగానే తీరిక ఉందేమో అనిపించేది.

ఆయన ఆఫీస్ కాల్‌లోకి వెళ్లాక సొరుగు తెరిచాను. అన్నిటికన్నా పైనున్న కవరు మీద పేరు ఆయనది కాదు, నాది. బొటీక్ వాళ్లు నాకు ఇచ్చిన డబ్బుల వివరం ఐఆర్ఎస్‌కి పంపారట. మీ రిటర్ను మాకు అందలేదు అని రాసి ఉంది.

మేం సరుకులు కొనే షాపు పక్కన మేడ మీద ఒక బోర్డుంది, పాత ట్యాక్స్ రిటర్నులు వేసిపెడతామని. రెండుసార్లు కారు పార్క్ చేసి, దిగకుండానే వెనక్కొచ్చేశాను. మూడోసారి మెట్లెక్కాను.

అక్కడ కూర్చున్న రాధారాణి గారికి అరవై దాటి ఉంటాయి. ఐఆర్ఎస్‌తో మన తరఫున మాట్లాడే లైసెన్స్ ఉన్నావిడ. ఉత్తరం చదివి కళ్లజోడు పైకి తోసుకున్నారు.

"ఇంతేనా?"

"జైల్లో పెడతారాండీ?"

"ఇంత వణుకుతూ మెట్లెక్కి వచ్చినవాళ్లనా? రిటర్నులు వేయనివాళ్లు బోలెడుమంది ఉన్నారమ్మా. వేద్దామని వచ్చినవాళ్లతో వాళ్లకి పేచీ లేదు. రాబడి రాసుకున్నారా?"

"లేదండీ. ఫొటోలున్నాయి."

రేపు ఎవరూ గొడవ పెట్టకుండా, ఇచ్చే ముందు ప్రతి జాకెట్టుకీ ఫొటో తీసుకునే అలవాటు నాకు. ఆ తేదీలకి నేను తీసుకున్న కూలి కలిపితే రాబడి లెక్క తేలుతుందని ఆవిడ నా ఫోన్ కంప్యూటర్‌కి తగిలించారు. తెర నిండా జాకెట్లు. ఆవిడ కిందికి జరుపుతున్నారు, అవి వస్తూనే ఉన్నాయి. కంచి, గద్వాల, ఇక్కత్, పెళ్లికూతుళ్లవి, బాలింతలవి. ఒక ఫొటో మూలన జ్వరంతో పడుకున్న దేదీప్య పాదం. నా గర్భసంచి ఆపరేషనైన తొమ్మిదో రోజు తేదీ మీద మూడు జాకెట్లు. ఆవేళ కూర్చోలేక నిలబడే చేతికుట్టు వేశాను. మర్చిపోయాను కూడా.

"తొమ్మిది వందల అరవై రెండు" అన్నారు రాధారాణి గారు. "ఇవన్నీ ఒక్కరే కుట్టారా?"

ఎవరో గొప్ప పనిమంతురాలి బతుకు నాకు చూపిస్తున్నట్టుంది. ఆమె నేనేనని నమ్మడానికి చాలాసేపు పట్టింది. పెదవి మీద ఉప్పగా తగిలాక గానీ ఏడుస్తున్నానని తెలియలేదు.

ఆవిడ నెమ్మదిగా చెప్పారు. "ఒక్కటే బాధ. మొదటి ఏడాదికి గడువు ఈ ఏప్రిల్‌లో దాటిపోయింది. పన్ను కట్టాలి గానీ, ఆ ఏడాది పని మీ సోషల్ సెక్యూరిటీలోకి రాదు. మిగతా మూడేళ్లూ వస్తాయి."

"వస్తే ఏమవుతుందండీ?"

"పెద్దతనంలో వచ్చే పెన్షన్‌కి జమవుతాయి. ఒకరి భార్యగా వచ్చేది కాదు, మీ పేరు మీద మీది."

ఇంట్లో టైమ్‌పాస్ అనిపించుకున్న పనికి ఈ దేశం ఎక్కడో ఒక గడి గీసి, నా పేరు రాసి, నిండుతుందేమోనని ఎదురుచూస్తోందన్నమాట. ఎవరూ చెప్పకపోవడంతో ఒక గడి ఖాళీగా ఉండిపోయింది. మిగతావి ఖాళీగా ఉండనివ్వదల్చుకోలేదు.

"మీవారితో కలిపి వేయొచ్చు. విడిగా అయితే పన్ను కాస్త ఎక్కువ పడొచ్చు, కానీ మీ వాటికే మీరు పూచీ, ఆయన వాటికి కాదు. అడిగి చెప్పండి."

అడిగాను. "పరాయివాళ్ల ముందు నా బతుకు బయటపెట్టావా?" అన్నాడు లోకేష్. కలిపి వేద్దామని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ లేచి వెళ్లిపోయాడు.

ఇక విడిగానే వేద్దామని, శనివారం పొద్దున నాలుగేళ్ల రిటర్నుల మీద, ఒక్కొక్కటీ మొత్తం చదివి సంతకం పెట్టాను. కట్టాల్సింది వాయిదాల్లో కట్టుకోవచ్చన్నారు. మిషను డబ్బుల్లోంచే మొదటి వాయిదా కట్టాను. మెట్లు దిగుతుంటే ఒళ్లంతా తేలిక. నాలుగేళ్లు నిద్ర చెడగొట్టినది నాలుగు వారాల్లో తేలిపోయింది.

వేసవి చివర్లో నా రిటర్నులు అందాయని ఉత్తరం వచ్చింది. లోకేష్ దాన్ని రెండుసార్లు చదివాడు. సొరుగులోని కవర్లన్నీ తెచ్చి నా కుట్టుబల్ల మీద పెట్టాడు. ఆయన మొహంలో అంత భయం నేనెప్పుడూ చూడలేదు. జాలేసింది.

"ఆవిడ తిట్టదు కదా?" అన్నాడు.

"తిట్టరు."

"అయితే నావి కూడా నువ్వే తీసుకెళ్లి, చెప్పి, చేయించెయ్ గిరిజా. నీకు అలవాటైందిగా."

లేవబోయాను. పదేళ్ల అలవాటు, కాళ్లు వాటంతటవే కదిలాయి. మళ్లీ కూర్చున్నాను.

"నంబర్ పంపిస్తాను. ఫోన్ మీరే చెయ్యండి."