నాన్నను పట్టేసిన కుర్చీ

మా నాన్నది ప్లాస్టిక్ కుర్చీల ఫ్యాక్టరీ. కొత్త రకం ఏది తయారైనా ముందు ఆయన అందులో మధ్యాహ్నం ఓ కునుకు తీయాలి. లేచి "ఊఁ" అంటేనే అది అమ్మకానికి వెళ్తుంది. ఇదేం పరీక్షని అడిగే ధైర్యం మా ఇంట్లో నాకు తప్ప ఎవరికీ లేదు. అడిగాను కూడా. ఆయన వినిపించుకోలేదు.

మా ఆయన పనిచేసేదీ అక్కడే. పారేస్తే మట్టిలో కలిసిపోయే కుర్చీ చేయాలని ఆయన పిచ్చి. ప్లాస్టిక్‌లో మొక్కజొన్న పిండి కలిపి కలిపి ఒళ్ళు హూనం చేసుకున్నాడు. "కుర్చీ చేస్తున్నావా అల్లుడూ, వంట చేస్తున్నావా?" అని నాన్న ఎగతాళి. చివరికి ఒక మాట అన్నాడు. కునుకు పరీక్ష నెగ్గితే ఒక మెషీను అల్లుడిదే. పోతే పిండి బస్తాలు బయటికి, అల్లుడు గోడౌన్‌లోకి.

పరీక్ష రోజు మా ఆయనకు అన్నం సహించలేదు. "వేడి తగలకుండా చూడు. యాభై డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది," అని నా చెవిలో ఊది బాత్రూంలోకి దూరాడు. నేను వెళ్ళేసరికి ఏముంది? నాన్న ఆ కుర్చీని ప్లాస్టిక్ గుళికలు ఆరబెట్టే ఓవెన్ పక్కకు ఈడ్చుకుని, మోకాళ్ళకు వెచ్చగా ఉందని గుర్రుపెడుతున్నాడు. కుర్చీ కాళ్ళు తలో దిక్కుకూ జారుతున్నాయి. కుర్చీ చేతులు రెండూ వంగి ఆయన బొజ్జ మీదకు వాలుతున్నాయి.

నేను నోరు తెరిచేలోగా మా ఆయన పరుగున వచ్చి, కంగారులో ఓవెన్ కట్టేసి ఫ్యాను ఫుల్లుగా పెట్టాడు. ఈయన తెలివి తెల్లారినట్టే ఉంది. చల్లగాలికి కుర్చీ ఎలా ఉన్నదో అలాగే గట్టిపడింది, మధ్యలో నాన్నతో సహా.

నాన్న మేలుకున్నాడు. లేవబోయాడు. కుర్చీ కూడా లేచింది.

"అల్లుడూ, ఇది నన్ను వదలట్లేదు."

"మళ్ళీ వేడి చేస్తే మెత్తబడుతుంది మామయ్యగారూ, కదలకండి," అన్నాడు మా ఆయన.

ఇల్లు పక్కనే. పరిగెత్తి నా హెయిర్ డ్రయ్యర్ తెచ్చాను. ప్లగ్గు పెట్టి, స్విచ్చి మీద వేలుంచి ఆగాను.

"నాన్నా, మెషీను సంగతేంటి?"

"పరీక్ష పోయిందిగా."

"ఎక్కడ పోయింది? కూర్చున్నావు, పడుకున్నావు, కింద పడలేదు."

"లేవలేకపోయానే."

"పరీక్ష కునుక్కి కదా. లేవడం గురించి నువ్వెప్పుడు చెప్పావు?"

మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "నాకు ఏ మెషీనూ వద్దే. ముందు ఆయన్ని విడిపించు."

నాకు ఒళ్ళు మండింది. అంత కష్టపడి ఇంత తేలిగ్గా వదిలేసుకుంటాడా? ఏడుపు కూడా వచ్చింది.

నాన్న మా ఇద్దరినీ చూశాడు. తర్వాత వీపు అటూ ఇటూ కదిపి చూసుకున్నాడు.

"వీపుకి మాత్రం భలే కుదిరింది," అని గొణిగాడు. "సరే, మెషీను తీసుకో అల్లుడూ. ఈసారి వేడికి ఆగేది చెయ్యి. నేను లేచాక దీన్ని మాత్రం కరిగించెయ్యొద్దు, ఇది నాది."

స్విచ్చి వేశాను. కుర్చీ చేతులు మెల్లగా విచ్చుకున్నాయి.

మా ఆయన ఇప్పటికీ పిండితో కుస్తీ పడుతూనే ఉన్నాడు, తన సొంత మెషీను మీద. నాన్న రోజూ ఆ వంకర కుర్చీలోనే కునుకు తీస్తాడు, ఓవెన్‌కి ఆమడ దూరంలో. నాతో వాదన పెట్టుకునే ముందు మాత్రం లేచి నిలబడతాడు.