తిట్టు పడని దూలం

రండి, దగ్గరికి జరగండి, ఆ గుసగుసలు ఆపండి, లేకపోతే యిన్‌షియు మనసులో మాట వినపడదు, ఇంత మెల్లగా నడుస్తున్నా ఈయన బయటికి రాడేమిటి అనుకుంటోంది ఆమె, భుజం మీద దూలం, వెనక తమ్ముడూ ఇంకో ఇద్దరూ, ఎదురుగా షీ తాత గుడిసె, ఆయన తోపులోంచే పొద్దున కొట్టుకొచ్చిన దేవదారు, ఇంటి వెన్నుదూలాన్ని కొనకూడదు, అడక్కూడదు, దొంగిలించాలి, చెట్టు ఆసామి వచ్చి తిట్టాలి, తిట్టు పడని దూలం కింద కాపురం నిలవదు, ఈ కొండల్లో ఏ ఇంటికైనా అంతే, కానీ ఈయన తిడితేగా, పోయిన చలికాలం తన పొయ్యిలోంచి లేచిన నిప్పు తన ఇంటితో పాటు ఆయన ఇంటినీ మింగేసింది, అప్పట్నుంచి ఒక్క మాట అనలేదు, ఎదురైతే మొహం తిప్పుకుంటాడు, ఆ నోరు సామాన్యమైందా, ఒకసారి వానని తిడితే అది జడుసుకుని అవతలి కొండకి పోయి కురిసింది, తేనెటీగలు పట్టు వదిలేసి పొరుగూరికి కాపురం మార్చాయి, అంత నోరూ తన దగ్గరే మూతపడింది, ఇంకెవరి తోపూ దొరకలేదా అక్కా, ఈ ముసలాడు తిట్టకపోతే కట్టిందంతా దండగేగా అంటున్నాడు తమ్ముడు, నోరు మూసుకుని భుజం మార్చుకోరా, దూలం నేల తాకిందో నీ సంగతి చెప్తా, ఈయనే తిట్టాలి, కొత్త ఇంటి స్తంభాలు లేచాయి, ఒక్క మేకు లేకుండా కర్రలో కర్ర దూర్చి బిగించాడు వడ్రంగి, అయినా ఆ గూడు మధ్యలో నిలబడితే ఊరి బయట నిలబడినట్టే ఉంది.

గుడిసె దాటేశారు, తలుపు తెరుచుకోలేదు, వెనక్కి తిప్పండి, పిచ్చా అక్కా, తిప్పమన్నానా, మళ్లీ ఆ తలుపు ముందుకే, ఈసారి మెట్టు మీద తాత, చేతిలో చుట్ట, చూశాడు, మొహం తిప్పుకోబోయాడు, తాతా, ఇది నీ చెట్టే, దొంగిలించాను అని అరిచింది, ఆయన దూలాన్ని ఈ చివర నుంచి ఆ చివరకి చూశాడు, దవడ కదిలింది, థూ, సిగ్గులేనిదానా, నా ఇల్లు కాల్చింది చాలక నా తోపు మీద పడ్డావా, పడితే పడ్డావు, కళ్లెక్కడ పెట్టుకున్నావే, పక్కనే గీత గీసినట్టున్న చెట్టుని వదిలి ఈ గూనిదాన్ని కొడతావా, రేపు నీ కప్పు ఒరిగితే చెడ్డపేరు నా తోపుకి.

ఇంకా తిట్టు తాతా, ఇంకా, భుజం మీద బరువే తెలియడం లేదు, వడ్రంగి చేతికి అందని అతుకొకటి ఇంతకాలం వదులుగా ఊగుతూ ఉంది, ఇప్పుడు బిగుసుకుంది, ఇల్లు నిలబడింది, ఇంకా దూలం ఎక్కకుండానే నిలబడింది, ఇంతలో మేకలు తోలుకుపోతున్న బావ ఒకడు ఆగి, తాతా, ఎలాగూ ఊపులో ఉన్నావు, పైయేడు నేనూ ఇల్లు కడతా, ఓ నాలుగు తిట్లు ఇప్పుడే పడెయ్యి, ఊరగాయ పెట్టుకుంటా అన్నాడు.