రాతి మీద ఓనగుంటలు

తిరుమల్ ఫొటోలు పెట్టాడంటే మా ఊరి వాట్సాప్ గ్రూపులో సందడే సందడి. నీళ్ల ట్యాంకర్ నడుపుతాడు కాబట్టి ఖతర్‌లో అతను తిరగని మూల లేదు. ఎక్కడ వింత కనబడితే అక్కడ ఫొటో తీసి, "ఇది ఏడనో చెప్పుండ్రి" అని పెడతాడు. ఆ వారం మూడు పెట్టాడు. మొదటిది నేలబారు బండ మీద తెడ్లతో సహా చెక్కిన పడవ. రెండోది పువ్వులాగా గుండ్రంగా తొలిచిన గుంటలు. మూడోది రెండు వరసల గుంటలు, వాటిలో చిన్న చిన్న రాళ్లు. ఎప్పటివో, ఎవరు చెక్కారో తెలియదట.

ఊళ్లో వాళ్లు మొదలుపెట్టారు. ఒకడు మెదక్ అన్నాడు, ఇంకొకడు హంపి అన్నాడు. మా అత్త సాయవ్వ, "దుబాయ్‌ల గాక ఇంకేడుంటదిరా" అని వాయిస్ పెట్టింది. ఆమెకి ఖతరూ సౌదీ కువైటూ అన్నీ దుబాయే.

అందరూ నవ్వుకున్నారు. నేను నవ్వలేదు. మూడో ఫొటో అంచున ఎర్ర గళ్ల తువ్వాల మూల ఒకటి కనబడుతోంది. దాని అంచుకి పచ్చదారం. ఎర్రదారం దొరక్క ఆ పచ్చదారంతో కుట్టింది నేనే. ఆ తువ్వాల మా ఆయన జలంధర్‌ది.

నేనూ ఖతర్‌లోనే, ఉమ్ సలాల్‌లో ఒక విల్లాలో వంట చేస్తాను. మా ఆయన తాపీ మేస్త్రీ, అబూ హమూర్ వైపు కంపెనీ క్యాంపులో ఉంటాడు. శుక్రవారం శుక్రవారం బస్సెక్కి వచ్చి, గేటు దగ్గర నిలబడి కాసేపు మాట్లాడి పోయేవాడు. రంజాన్ అయిపోయినప్పటి నుంచి రావడం మానేశాడు. అడిగితే, "ఓవర్‌టైం పడ్డది, సైట్ ఇడిచిపెడ్తలేరు" అంటాడు. సైట్‌లో ఉన్నవాడి తువ్వాలకి ఆ బండ మీద ఏం పని?

అదొక్కటే అయితే ఎలాగో సర్దుకునేదాన్ని. కానీ ఆ గుంటలు పక్కకి ఏడు చొప్పున ఉన్నాయి. అవి ఓనగుంటలు, కొందరు వామనగుంటలంటారు. మా వైపు ఏ ఆడదాన్ని నిద్రలేపి అడిగినా చెబుతుంది. ముసురు పట్టిన మధ్యాహ్నాలు చింతగింజలు పోసుకుని మేం ఆడే ఆట అది. మగవాళ్లు పేక ముందేసుకుంటారు గానీ దీని జోలికి రారు. పైగా ఒక్కరు ఆడేది కాదు. ఈ పక్క ఒకరుంటే ఆ పక్క ఇంకొకరు ఉండాలి. ఫొటోలో కొన్ని గుంటలు నిండుగా, కొన్ని ఖాళీగా ఉన్నాయి. అంటే ఆట సగంలో ఉంది. అంటే మా వైపుదే, ఆట తెలిసిన ఆడది ఎవరో మా ఆయనకి ఎదురుగా కూర్చుని ఉంది.

తిరుమల్‌కి ఫోన్ చేశాను.

"ఆ బండ ఏడుంది తిరుమల్?"

"తొవ్వల కనబడ్డది వదినా, యాదికి లేదు."

"తువ్వాల ఎవలది?"

"ఎవలదో ఉంటది తియ్ వదినా. డ్యూటీల ఉన్న, మల్ల చేస్త" అని పెట్టేశాడు. నేను గ్రూపు తెరిచేసరికి మూడో ఫొటో మాయమైంది. పడవ ఉంది, పువ్వు ఉంది, ఓనగుంటలు లేవు. నేను అంత తెలివితక్కువదాన్ని కాదు. అప్పటికే దాన్ని నా ఫోన్‌లో దాచుకున్నాను.

మా ఆయనకీ చేశాను. "ప్లాస్టరింగ్ నడుస్తుంది" అన్నాడు. వెనకాల గాలి హోరు తప్ప మనిషి అలికిడి లేదు, మిషన్ చప్పుడు లేదు.

నాకు చెప్పకుండా మా ఊరికి వెళ్లిపోయాడనుకున్నాను. ఓనగుంటలు ఇంకెక్కడ ఉంటాయి? ఇంటి డ్రైవర్ ఖాసీం భాయ్‌కి ఫొటో చూపించాను. ఆయనది హైదరాబాద్, ఈ దేశమంతా తిరిగిన మనిషి. ఫొటోని వేళ్లతో పెద్దది చేసి చూశాడు.

"మీ ఊరు కాదమ్మా ఇది. ఈ మూలకు నీలంగ గీత ఉంది చూడు, అది సముందర్. మీ ఊళ్ల సముందర్ ఉందా?"

"మరి ఏడిది భాయ్?"

"జస్సాసియా. ఈడికెళ్లి ఉత్తరం దిక్కు. సాబ్ పిల్లల్ని ఒకసారి తోల్కపోయిన. గంట కూడా పట్టది."

ఊరికి పోయినా ఇంత మండేది కాదు. గంట దూరంలో ఉండి నా దగ్గరికి రావడం లేదన్నమాట.

శుక్రవారం మేడమ్ ఆ ఉత్తరం దిక్కునే ఉన్న వాళ్ల అక్క ఇంటికి బిర్యానీ గిన్నెలు పంపింది. పట్టుకోవడానికి నేనూ వస్తానని బండెక్కాను. కొత్త డ్రస్సు వేసుకున్నాను, ఆ ఓనగుంటల ఆడదాని ముందు తీసికట్టుగా కనబడకూడదని. ఆమెని ఏమేమి అనాలో దారంతా వరసగా కూర్చుకున్నాను. గిన్నెలు ఇచ్చి తిరిగి వస్తుంటే, నేను ముందే బతిమాలి ఉన్నాను కాబట్టి, ఖాసీం భాయ్ బండిని సముద్రం వైపు తిప్పాడు. పడవలు చెక్కిన బండల చుట్టూ కంచె ఉంది. కంచె దాటి దూరంగా ఇంకో చిన్న బండ, దాని మీద ఎర్ర గళ్ల తువ్వాల కనబడ్డాయి. ఖాసీం భాయ్‌ని బండి దగ్గరే ఉండమని చెప్పి నేనొక్కదాన్నే నడిచాను.

మా ఆయన గుంటల ముందు గొంతుకూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఎవరూ లేరు. ఆమె ఎటో పోయింది, వస్తుందిలే అనుకుని ఒక రాయి చాటున నిలబడ్డాను. ఆయన గుంటలోంచి రాళ్లు తీసి ఒక్కొక్కటే వేసుకుంటూ పోయాడు. చెయ్యి ఖాళీ కాగానే లేచి మోకాళ్లు దులుపుకుని, చుట్టూ తిరిగి అటు పక్కకి వచ్చి కూర్చున్నాడు. అక్కడి నుంచి రాళ్లు తీసి మళ్లీ వేయడం మొదలుపెట్టాడు. ఆయన వెనకాల గొర్రెల మంద ఒకటి రేకుల షెడ్డు నీడలో నిలబడి ఉంది. ఏ ఆడదీ రాలేదు.

"ప్లాస్టరింగ్ మంచిగ నడుస్తుందా?" అన్నాను.

ఉలిక్కిపడి తలెత్తాడు. ఎండకి మొహం నల్లగా కమిలిపోయింది. చేతిలో ఉన్న రాళ్లు గుంటలో జారవిడిచాడు.

"కంపెనీ మూసిండ్రు పుష్పా. ఈ గొర్లకాడ పని దొరికింది. నీకు చెప్పొద్దని తిరుమల్‌కు నేనే చెప్పిన."

"నాకు చెప్తే ఏమైతది?"

"మేస్త్రీనని చెప్పి నిన్ను ఈడిదాక తీస్కచ్చిన. గొర్లు కాసేటందుకు ఇంత దూరం రావాల్నా అంటవని."

"అంటనే. అనకుంట ఎట్లుంట?" గుంటల వైపు వేలు చూపించాను. "మరి ఇది ఎవలతోని ఆడుతున్నవ్?"

"ఈడ ఎవలున్నరు?"

"అయితే ఈ పక్క ఎవలది?"

ఆయన నా మొహం చూడలేదు, గుంటల్లోకి చూస్తూ చెప్పాడు. "నీది. శుక్రారం వచ్చిందంటే నీ గేటు యాదికొస్తది. నీ బదులు గూడ నేనే ఆడుతున్న."

కూర్చుకున్న తిట్లలో ఒక్కటీ నోటికి రాలేదు. కోపమూ ఏడుపూ రెండూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. చున్నీతో మొహం తుడుచుకుని బండ ఎక్కాను.

"లే," అన్నాను. "నా జాగల కూసున్నవ్. అటు పో."